గుణుపురం చిన్న రైల్లో వచ్చిన పాటలు

మాది పర్లాకిమిడి. ఒడిశాలోనే ఉంది గానీ మా వీధిలో పొద్దున్న కళ్ళాపి జల్లే దగ్గర్నుంచి రాత్రి అరుగు మీద కబుర్ల దాకా అంతా తెలుగే. ఊరి పక్కన మహేంద్రతనయ నది, కాస్త దూరం పోతే పాతపట్నం, అది ఆంధ్రా. నేను పుట్టింది 1961లో, అప్పటికి మేం గంజాం జిల్లా కింద ఉండేవాళ్ళం, గజపతి అని వేరే జిల్లా అయింది 1992లో. బళ్ళో ఒడియా, ఇంట్లో తెలుగు, సినిమా హాల్లో ఆ రెండూ కాక హిందీ. తెలుగు అక్షరాలు అమ్మ నేర్పింది, మాటలు మాత్రం నేను ఎక్కువగా పాటల్లోంచే నేర్చుకున్నాను. ఆ పాటలు రెండు రకాలు, ఒకటి రేడియోలో వచ్చేది, రెండోది రైల్లో వచ్చేది. వాటి గురించి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను, రిటైరయ్యాక గానీ కుదరలేదు.

మా పెద్ద మావయ్యకి బజార్లో రేడియో రిపేరు కొట్టు ఉండేది. అప్పటివి వాల్వు రేడియోలు, స్విచ్ వేస్తే వెంటనే పలకవు, లోపల వాల్వులు వేడెక్కాలి, ముందు డయల్ వెనకాల పసుపు లైటు వెలుగుతుంది, తర్వాత దూరంగా గాలి వీస్తున్నట్టు ఒక హోరు, ఆ హోరులోంచి మెల్లగా మనిషి గొంతు పైకొస్తుంది. ఆ గొంతు పైకొచ్చే క్షణం కోసం నేను బడి వదలగానే పలక సంచీతో సహా కొట్టుకే పరిగెత్తేదాన్ని. ఇంట్లో కూడా ఒకటి ఉండేది, మావయ్యే ఎవరో వదిలేసిన సెట్టు బాగుచేసి ఇచ్చాడు, మేడ మీద రెండు వెదురు కర్రలు పాతి మధ్యలో రాగి జాలీ ఏరియల్ కట్టాడు, దానికి ఏడాదికోసారి పోస్టాఫీసుకెళ్ళి లైసెన్సు డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకుని రావాలి, ఈ కాలం పిల్లలకి చెప్తే నమ్మరు, రేడియో వినడానికి లైసెన్సేంటని. రేడియో వరండాలో ఉండేది, మగవాళ్ళ దగ్గర. అమ్మ వంటింటి గుమ్మం దగ్గర పీటేసుకుని బియ్యం ఏరుతూ వినేది, మంచి పాటొస్తే చేట ఆగిపోయేది, పాట అయ్యాక మళ్ళీ కదిలేది.

విశాఖపట్నం రేడియో స్టేషను 1963లో వచ్చింది, అంతకుముందు విజయవాడే దిక్కు, రాత్రిళ్ళు బాగా అందేది. సిలోన్ నుంచి తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదొరై గారి గొంతు. బుధవారం రాత్రి 8 గంటలకి బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ. కటక్ తిప్పితే అక్షయ మహంతి, ఆయన పాటలు మా బళ్ళో ఒడియా పిల్లలందరికీ నోటికొచ్చు, నాకూ వచ్చు. అన్నీ బావుండేవి, ఇప్పటికీ ప్రాణమే. కానీ ఆ తెలుగు పాటల్లో ఉన్న తెలుగు మా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. మేం "ఏటి" అంటాం, పాటలో "ఏమి" అంటారు. మేం "ఎల్దాం" అంటాం, "వొచ్చీసినాడు" అంటాం, ఆడపిల్లని "గుంట" అంటాం. మా మాట సినిమాలో వినబడిందంటే అది పనిమనిషి పాత్రో, జనం నవ్వడానికి పెట్టిన పాత్రో అయ్యుంటుంది. వేసవి సెలవులకి బెజవాడ నుంచి పిన్ని పిల్లలొచ్చేవాళ్ళు, నేను నోరు తెరవగానే "ఏటంతావు? మళ్ళీ అను, మళ్ళీ అను" అని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవాళ్ళు. చిన్నపిల్లలే పాపం, వాళ్ళకి తెలీదు. నేను మాత్రం వాళ్ళున్నన్ని రోజులూ మాట తగ్గించేసేదాన్ని.

అదీ ఎక్కడ, పర్లాకిమిడిలో! గిడుగు రామ్మూర్తి పంతులు గారు బతుకంతా మాస్టారుగా గడిపిన ఊరు ఇది. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో రాయాలని పండితులందరితో తలపడ్డది ఇక్కడ్నుంచే, సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ కోసం పుస్తకాలు రాసిందీ ఇక్కడే. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపేశాక ఆయన ఆ బాధతో రాజమండ్రి వెళ్ళిపోయారు. మా నాన్న ఆగస్టు నెల వచ్చిందంటే ఈ కథ చెప్పకుండా ఉండేవారు కాదు, రైసు మిల్లులో గుమస్తా ఉద్యోగం, ఎన్ని లెక్కల పుస్తకాలు ముందున్నా గిడుగు వారి పేరెత్తితే కలం పక్కన పెట్టేసేవారు. అయినా నాకు మా మాట అంటే సిగ్గు పోలేదు. ఆ సిగ్గు పోగొట్టింది రెండో రకం పాట.

నౌపడ నుంచి గుణుపురం దాకా చిన్న రైలు ఉండేది. రెండున్నర అడుగుల వెడల్పు పట్టాలు, బొమ్మ రైల్లాగ. మా ఊరి దాకా 1900లో వచ్చింది, గుణుపురం దాకా 1931లో పొడిగించారు. ఎంత నెమ్మదంటే, ముందు పెట్టెలోంచి దిగి చింతకాయలు ఏరుకుని వెనక పెట్టె ఎక్కొచ్చు అని మా ఊళ్ళో చెప్పుకునేవారు. అమ్మ పుట్టిల్లు టెక్కలి పక్కన, ఏడాదికి మూడునాలుగు సార్లు ఆ రైల్లోనే పోయేవాళ్ళం. కూరగాయల గంపలు, కోడిపుంజులు, కొండ నుంచి దిగిన సవరల చింతపండు మూటలు, వాటి మధ్యలో పాడుకుంటూ వచ్చే మనుషులు. అందులో చూపు లేని తాత ఒకాయన, చేతిలో కంజిర, మనవరాలు భుజం పట్టుకుని నడిచేవాడు, రాముడి మీదా ఎల్లమ్మ మీదా పాడేవాడు, పది పైసలేస్తే ఇంకో చరణం.

నాకు ఏడేళ్ళప్పుడు అనుకుంటాను, ఒకసారి ఆ తాత కొత్త పాట ఎత్తుకున్నాడు. ముందు నాకేం అర్థం కాలేదు, రాగం మా అమ్మమ్మోళ్ళ ఊళ్ళో ఊడ్పులప్పుడు పాడుకునే రాగమే. మాటలు మాత్రం వేరు, కొండ మీంచి మీటింగుకి పోతున్న ఇద్దరు మనుషుల్ని దారిలో తుపాకీతో కొట్టేశారని. పెట్టెలో గోల అంతా ఆగిపోయింది, కోడిపుంజు ఒక్కటే కూస్తోంది. పాట సగంలో ఉండగానే పంచె కట్టుకున్న ఒక పెద్దాయన లేచి తాత చేతిలో పావలా పెట్టి, "ఇక్కడ పాడకు తాతా, నీ మంచికే చెప్తన్నాను" అన్నాడు. తాత పావలా తడుముకుని జేబులో వేసుకుని మళ్ళీ రాముడి పాట ఎత్తుకున్నాడు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, టెక్కలి దాకా వదల్లేదు.

అది లేవిడి అనే ఊరి సంగతని తర్వాత తెలిసింది. 1967 అక్టోబరు 31న, గిరిజన మహాసభకి పోతున్న వాళ్ళ మీద భూస్వాములు కాల్పులు జరిపారు, కోరన్న, మంగన్న అని ఇద్దరు చనిపోయారు. అక్కడ్నుంచే శ్రీకాకుళం కొండల్లో అంతా మారిపోయింది, గిరిజనుల పోరాటం తుపాకుల దాకా వెళ్ళింది, నక్సలైటు ఉద్యమమన్నారు దాన్ని. మా ఇంటికి పేపరు ఒక రోజు ఆలస్యంగా వచ్చేది, రేడియోలో ఆ మాటే రాదు, వచ్చినా రెండు ముక్కలు. మేం ఉన్నది ఒరిస్సాలో, జరిగేది ఆంధ్రాలో, కానీ కొండ ఒకటే, మనుషులొకటే, చుట్టాలొకటే. ఏం జరిగిందో మాకు ముందు చెప్పింది పాటే. పేపర్లో "సంఘటన" అని రాస్తారు, పాటలో కోరన్న అని పేరుంటుంది, ఆయన పెళ్ళాం ఏం అని ఏడ్చిందో ఉంటుంది.

ఆ తర్వాతి ఏడు అమ్మమ్మగారి ఊళ్ళో అమ్మోరి జాతరకి జముకుల కథ పెట్టించారు. జముకు చూడని వాళ్ళ కోసం చెప్తున్నాను. కుంచం లాంటి డొల్ల, ఒక పక్క నోరు తెరిచి ఉంటుంది, రెండో పక్క తోలు మూత, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం లాగి ఉంటుంది. డొల్లని చంకలో నొక్కిపట్టి నరాన్ని బిగిస్తూ వదుల్తూ మీటుతారు, అప్పుడు అది డప్పులాగ కొట్టినట్టుండదు, వీణలాగ మోగినట్టుండదు, మనిషి గొంతు పూడుకుపోయి ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. కథకుడు ఒకడు, పక్కన ఇద్దరు వంతలు. మామూలుగా ఎల్లమ్మ కథ చెప్తారు, తెల్లారిపోతుంది. ఆ రాత్రి ఎల్లమ్మ కథతోనే మొదలైంది, అర్ధరాత్రి దాటాక, చిన్నపిల్లలు పడుకున్నాక (నేను పడుకున్నట్టు నటిస్తున్నాను, అమ్మమ్మ ఒళ్ళో) కథ మెల్లగా మారింది. షావుకారు, అప్పు పత్రం, చింతపండు తూకంలో మోసం, వేలిముద్ర. అదే జముకు, అదే రాగం, మాట మా మాట. "ఏటి బావూ, నానేటి సేసినాను?" అని కథలో రైతు అడిగితే ఎవ్వరూ నవ్వలేదు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకుంటున్నారు. నాకు ఆ రాత్రి కథ సగమే అర్థమైంది గానీ ఈ ఒక్కటి మాత్రం బాగా అర్థమైంది, మా మాటకి నవ్వకుండా ఏడ్చే జనం కూడా ఉన్నారు.

ఆ కథలు అలా మార్చి కట్టింది సుబ్బారావు పాణిగ్రాహి గారు. ఆయన్ని నేను చూడలేదు, ఆయన దారిలో చెప్పేవాళ్ళని విన్నాను అంతే. బొడ్డపాడు గుళ్ళో పూజారి, పేరు చూస్తేనే తెలుస్తుంది ఒడియా బ్రాహ్మల ఇంటివాడని, రాసిందంతా తెలుగులో, అదీ ఉద్దానం మాటలో. మా లాంటి సరిహద్దు మనుషులకి ఆయన అంటే ప్రత్యేకమైన అభిమానం అందుకే, ఒడియా ఇంటిపేరు, తెలుగు పాట, రెండూ ఒక మనిషిలో. ఎరుపు రంగు చూస్తే కొందరికి భయమని ఆయన కట్టిన పాట మా వైపు పిల్లలకి కూడా తెలుసు, అర్థం తెలియకుండా ఆటలో పాడుకునేవాళ్ళం, పెద్దవాళ్ళు వచ్చి నోరు మూసేవాళ్ళు.

1969 డిసెంబరులో ఆయన్ని పోలీసులు కాల్చేశారు. ఆయనతో పాటు ఉద్యమంలో ఉన్న పంచాది నిర్మల గారిని కూడా. మావయ్య కొట్టు దగ్గర ఎవరో చెప్తే విని వచ్చి వరండాలో నాన్నకి చెప్తున్నాడు, గొంతు తగ్గించి, రేడియో వాల్యూము పెంచి. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడి ఒకటే ప్రశ్న అడిగింది, "ఆ గుంటకి పిల్లలున్నారేటి?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ పూట అమ్మ అన్నం తినలేదు. మా అమ్మకి పార్టీలు తెలీవు, తుపాకులంటే భయం, ఆ దారి తప్పు అని నాన్న అంటే కాదని ఎప్పుడూ అనలేదు. కానీ పాటలో విన్న మనుషులు అమ్మకి చుట్టాలైపోయారు, అదే తేడా. 1970 జులై 10న ఆ ఉద్యమం నడిపించిన సత్యం మాస్టారు, కైలాసం మాస్టారు కూడా పోయారు. ఎంతమంది ఎటుపోయారో, ఎవరి కొడుకు జైల్లో ఉన్నాడో, ఎవరి పెళ్ళి ఆగిపోయిందో అమ్మమ్మగారి ఊరెళ్తే అవే కబుర్లు.

ఆ తర్వాత పాట మాయమైపోయింది. రైల్లో తాత రాముడి పాటలకే పరిమితమయ్యాడు, జాతరలో జముకుల కథ పెట్టించడానికి పెద్దలు భయపడ్డారు. కానీ నేను ఒకటి చూశాను, ఇది నేను కళ్ళారా చూసి చెవులారా విన్నది. 1970లోనో 71లోనో ఊడ్పులప్పుడు అమ్మమ్మగారి పొలం గట్టు మీద కూర్చున్నాను, వాన తుంపర, బురదలో పదిమంది ఆడవాళ్ళు వరసగా వంగి నాటుతున్నారు, ఎవరో ఎత్తుకున్నారు, అదే రాగం, తాత రైల్లో పాడిందే. మాటలు లేవు. ఒక్క మాట కూడా లేదు. నోరు మూసుకుని రాగం ఒక్కటే అంటున్నారు, ఊఁ ఊఁ అని, ఒకళ్ళందుకుంటే ఇంకొకళ్ళు కొనసాగిస్తున్నారు. గట్టు మీద కామందు గొడుగేసుకుని నిలబడి ఉన్నాడు. రాగాన్ని ఎవరు పట్టుకోగలరు?

కొండల్లో ఇది జరుగుతుంటే విశాఖపట్నంలో ఇంకోటి జరుగుతోంది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ గారికి షష్టిపూర్తి సభ చేస్తుంటే విద్యార్థులు ఒక కరపత్రం పంచారు, రచయితలారా మీరెటువైపు అని. అది ఎంత కలకలం రేపిందంటే అదే ఏడు జులై 4న విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది, శ్రీశ్రీ అధ్యక్షుడు. ఇవి నాకు తర్వాత కాలేజీలో చదివి తెలిసినవి. కానీ శ్రీశ్రీ పాట మాత్రం మా ఊరికే వచ్చింది, 1974లో, అల్లూరి సీతారామరాజు సినిమాతో. "తెలుగు వీర లేవరా" పాట. ఆ పాటకి శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. పాడిన ఘంటసాల గారు ఆ ఏడు ఫిబ్రవరి 11నే పోయారు, సినిమా మే నెలలో వచ్చింది, అంటే హాల్లో మేం విన్నది అప్పటికే లేని మనిషి గొంతు. ఆయన కూడా క్విట్ ఇండియా రోజుల్లో ఏడాదిన్నర జైల్లో ఉన్నవారే. నేల టిక్కెట్టులో కొండ నుంచి దిగొచ్చిన వాళ్ళు నిండిపోయారు, పాటొచ్చేసరికి లేచి నిలబడ్డవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు. నాన్న నా పక్కనే కుర్చీలో కూర్చుని చేతి రుమాలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. తెర మీద కొట్లాడుతున్నది 1922 నాటి తెల్లవాళ్ళతో, హాల్లో ఉన్నవాళ్ళు ఏడుస్తున్నది మాత్రం నాలుగైదేళ్ళ కిందట పోయినవాళ్ళ కోసం, ఇది ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. సినిమా పాటలంటే వట్టి కాలక్షేపమని ఎవరైనా అంటే నాకు ఆ హాలు గుర్తొస్తుంది, మూడేళ్ళుగా నోరు మూసుకున్న జనం గట్టిగా ఏడవడానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చిన చోటు అది.

ఎమర్జెన్సీ వచ్చింది 1975 జూన్‌లో. మా వీధిలో ఎమర్జెన్సీ అంటే ముందు అర్థమైంది కిశోర్ కుమార్ వల్ల. నిజం. 1976 మే నుంచి ఆకాశవాణిలో, వివిధభారతిలో ఆయన పాటలు ఆపేశారు, ప్రభుత్వం కోసం పాడమంటే ఒప్పుకోలేదని. మాకు కారణం అప్పుడు తెలీదు. నా ఒడియా స్నేహితురాలు ఒకమ్మాయి కిశోర్ అంటే పడి చచ్చేది, నోటుబుక్కులో వారం వారం పాటలు రాసుకునేది, ఒకరోజు మావయ్య కొట్టుకొచ్చి "మావయ్యా, మా రేడియోలో కిశోర్ రావట్లేదు, చూడండి" అని అడిగింది. మావయ్య సెట్టు వెనక తలుపు తీసి వాల్వులు చూసి మళ్ళీ బిగించి, "రేడియో బానే ఉందమ్మా" అన్నాడు. అంతకంటే చెప్పలేదు. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆ అమ్మాయినీ నన్నూ పిలిచి షార్ట్‌వేవులో సిలోన్ పెట్టాడు, గరగరలాడుతూ కిశోర్ వినబడ్డాడు, ఆ అమ్మాయి రేడియో మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఒక పాటగాడి గొంతంటేనే ఇంత భయపడే వాళ్ళు ఇంక దేనికి భయపడరు అనిపించింది నాకు, పదిహేనేళ్ళ వయసులో. 1977లో ఎన్నికలయ్యాక ఆ గొంతు మళ్ళీ వచ్చింది, అది ఎమర్జెన్సీ పోయిందనడానికి మా వీధిలో రుజువు.

వంగపండు ప్రసాదరావు గారిని విన్నది పార్వతీపురంలో, చిన్నమ్మ ఇంటికెళ్ళినప్పుడు, అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. వాళ్ళ ఊరు పక్కనే పెదబొండపల్లి, విశాఖ షిప్‌యార్డులో పని చేసేవారు, గద్దర్ గారితో కలిసి 1972లో జననాట్యమండలి పెట్టినవాళ్ళల్లో ఆయనొకరు. బజారు మధ్యలో నాలుగు బల్లలు వేసి స్టేజీ, ఒక పెట్రోమాక్సు. కాళ్ళకి గజ్జెలు, నడుముకి తువ్వాలు. "ఏం పిల్లడో ఎల్దమొస్తవ" మొదలెట్టేసరికి నా ఒళ్ళు జలదరించింది. ఎల్దమొస్తవ! బెజవాడ పిల్లలు పడి పడి నవ్విన మాట అది. అది వెయ్యి మంది నిలబడి చప్పట్లు కొడుతూ తిరిగి పాడుతున్నారు. అందులో రాజకీయం ఎంత, నేను ఎంత ఒప్పుకుంటాను అన్నది వేరే మాట, అప్పుడూ అన్నీ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఆ రాత్రి తర్వాత నేను "ఏటి" అనడానికి ఎవరి ముందూ వెనకాడలేదు. టీచరయ్యాక క్లాసులో కూడా అన్నాను. గిడుగు వారు పండితుల సభల్లో వాదించి గెలవాలనుకున్న మాటని వంగపండు వారు గజ్జె కట్టి వీధిలో గెలిపించారు, నాకు అలాగే అనిపిస్తుంది.

తర్వాత అదంతా వరదలాగ వచ్చింది. 1980లో మా భూమి సినిమా, అందులో గొంగడి వేసుకుని గద్దర్ పాడిన తెలంగాణ పాట మా సవర కుర్రాళ్ళు కూడా నేర్చేసుకున్నారు, నిజాం ఎవరో వాళ్ళకి తెలీకపోయినా దొర ఎవరో తెలుసు కదా. 1983 జనవరి ఎన్నికలకి రామారావు గారి చైతన్యరథం తిరుగుతున్నప్పుడు పాతపట్నం వైపు నుంచి మైకుల్లో పాటలు మా ఊరి దాకా వినబడేవి, మాకు అక్కడ ఓటు లేదు, అయినా అన్ని పాటలూ నోటికొచ్చు. 2009లో ఒక పెద్ద సినిమా పాటలోకి ఆ ఎల్దమొస్తవ మాట ఎక్కింది, పిల్లలు పెళ్ళిళ్ళలో దానికి స్టెప్పులేస్తారు, వెయ్యనివ్వండి, నాకు కోపం లేదు. కానీ ఎక్కడికి ఎల్దామన్నారో కూడా ఒక్కసారి ఎవరైనా వాళ్ళకి చెప్తే బావుణ్ణు. వంగపండు గారు 2020 ఆగస్టు 4న పోయారు, కరోనా రోజులు, పార్వతీపురం వెళ్ళడానికి బస్సుల్లేవు.

ఇప్పుడు క్యాసెట్టు సంగతి. 1985 దాటాక మా తమ్ముడు ఒక టూ-ఇన్-వన్ కొన్నాడు, వాడి మొదటి జీతంతో. శ్రీకాకుళం నుంచి ఒక స్నేహితుడు ఇచ్చాడని ఒక క్యాసెట్టు తెచ్చాడు, కవరు లేదు, పేరు లేదు, ఎన్నోసారి కాపీ చేసిందో గానీ పాట కంటే సుయ్‌మనే శబ్దమే ఎక్కువ. ఎవరు పాడారో ఇప్పటికీ తెలీదు. రెండో వైపు చివర్లో ఒక ఆడగొంతు, వెనక డప్పు. అది వినబడగానే వంటింట్లోంచి అమ్మ వచ్చేసింది, చేతికి పిండి అంటుకుని ఉంది. ఊడ్పుల రాగం. రైల్లో తాత పాడింది, పొలంలో ఆడవాళ్ళు నోరు మూసుకుని అన్నది, అదే. ఇప్పుడు మాటలతో సహా. అమ్మ టేపు ముందు చతికిలబడి కూర్చుని మొత్తం వింది, అయ్యాక "ఇంకోసారెయ్యిరా" అంది.

ఆ రోజులు మళ్ళీ బావుండేవి కావు. గద్దర్ అజ్ఞాతంలో ఉన్నారు, పాటల వాళ్ళని వెతుకుతున్నారు. ఒకరోజు పాతపట్నం నుంచి వచ్చే బస్సు ఆపి సంచులు వెతికారట, ఒక కుర్రాడి దగ్గర ఇలాంటి క్యాసెట్లే దొరికితే దింపేశారట, తమ్ముడు అదే బస్సులో ఉన్నాడు. ఇంటికొచ్చి చెప్పాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ నెల పౌర్ణమికి ఇంట్లో సత్యనారాయణ వ్రతం, పంతులుగారు వచ్చి కథ మొదలెట్టబోతుంటే నాన్న టూ-ఇన్-వన్ తెచ్చి పీట పక్కన పెట్టారు. ఆ క్యాసెట్టుకి వెనక ట్యాబు విరిచేసి ఉంది, మళ్ళీ రికార్డు కాకుండా. నాన్న ఆ కన్నంలో క్యాలెండరు కాగితం ముక్క మడిచి కుక్కి ఎర్ర బటన్ నొక్కారు. తమ్ముడు చూస్తూ ఊరుకున్నాడు, నేనూ ఊరుకున్నాను, అమ్మ పీట మీద కూర్చుని ఉంది, కొంగు ముడి నాన్న కండువాకి కట్టి ఉంది, లేవలేదు. పంతులుగారు ఒక వైపు అయ్యాక తిరగేయించి మరీ అయిదు అధ్యాయాలూ చదివి హారతి పాడి ముగించారు. నాన్న స్టాప్ నొక్కి, పెన్నుతో పైన "వ్రత కథ" అని రాశారు.

ఆ తర్వాత ఏటేటా వ్రతానికి పంతులుగారు దొరక్కపోయినా ఇబ్బంది లేకపోయింది, క్యాసెట్టు పెట్టుకుని చేసుకునేవాళ్ళం. మొదటి ఏడే తెలిసింది, పంతులుగారి హారతి టేపు పూర్తిగా అయిపోక ముందే ముగిసిందని. హారతి అయ్యి గంట మోగి, నాన్న నొక్కిన చోట టక్కుమని ఒక చప్పుడు, వెంటనే డప్పు. ఆ ఆడగొంతు. సరిగ్గా ఒకటిన్నర చరణం. నాన్న ఆపడానికి చెయ్యి చాపారు. అమ్మ కర్పూరం పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది, "ఉండనీయండి" అంది. అంతే అంది. నాన్న చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

నాన్న పోయాక కూడా అమ్మ వ్రతం మానలేదు, అదే క్యాసెట్టు. చుట్టుపక్కల ఆడవాళ్ళు ప్రసాదానికని వచ్చి కూర్చునేవాళ్ళు, వాళ్ళకీ అలవాటైపోయింది, హారతి అయినా ఎవరూ లేచేవాళ్ళు కారు. రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి బటన్ దానంతటదే పైకి లేచేది. అమ్మ ప్రసాదం గిన్నెలో గరిటె పెట్టి, మిగతా చరణం నోరు తెరవకుండా తను పూర్తి చేసేది, ఊఁ ఊఁ అని, పంచడం మొదలెట్టే దాకా.